ఆరిజోనాకి కొత్త: నా లిస్టు ఇదీ, ఏది ఎప్పుడు చూడాలో చెప్పండి

కృష్ణలంక_కుర్రాడు · ఫిబ్రవరి 9, 2026

అందరికీ నమస్కారం. ఒహాయోలో ఆరేళ్ళు మంచు ఎత్తిపోసి ఎత్తిపోసి నడుం విరిగి, పోయిన నెలే ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో దిగాం. నేను, మా ఆవిడ, నాలుగేళ్ళ పాప. జనవరిలో టీ షర్టు మీద తిరుగుతుంటే ఎవరైనా వచ్చి తిడతారేమో అన్నట్టుంది.

చూడాలనుకుంటున్నవి ఇవీ: గ్రాండ్ కాన్యన్ (సౌత్ రిమ్, నార్త్ రిమ్ రెండూ), యాంటెలోప్ కాన్యన్, హార్స్‌షూ బెండ్, మాన్యుమెంట్ వ్యాలీ, సెడోనా, హవాసు జలపాతం, ఉల్క పడ్డ గుంట, టూసాన్ పక్కన సగువారో పార్కు.

అమ్మానాన్న మే నెలాఖరున వచ్చి సెప్టెంబర్ దాకా ఉంటారు. వాళ్ళొచ్చాక వీకెండ్‌కి ఒకటి చొప్పున కొట్టేద్దామని ప్లాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు. ఎండ సంగతి మాత్రం దిగుల్లేదు, మాది బెజవాడ.

ఎడారి_బాబాయ్ · ఫిబ్రవరి 9

"మాది బెజవాడ" అన్నారు చూడండి, ప్రతి ఫిబ్రవరిలో ఎవరో ఒకరు ఈ మాట రాస్తారిక్కడ. ఒకేడు రెంటచింతల ఆయన, ఇంకో ఏడు కొత్తగూడెం ఆయన. జూలై వచ్చేసరికి అందరిదీ ఒకటే పోస్టు: "కరెంటు బిల్లు ఇంతొచ్చింది, ఇది మామూలేనా?"

మన దగ్గర ఎండకి చెమట కారుతుంది, చొక్కా తడుస్తుంది, నీడకి పొమ్మని ఒళ్ళే చెబుతుంది. ఇక్కడ గాలి పొడి. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్ళు పోతున్నాయని తల తిరిగాక గానీ తెలీదు. రాత్రికి చల్లబడుతుంది కదా అనుకుంటారు. ఎడారి చల్లబడుతుంది, ఫీనిక్స్ చల్లబడదు. పగలంతా మింగిన వేడిని రోడ్లూ గోడలూ తెల్లారేదాకా కక్కుతూనే ఉంటాయి. 2023లో వరసగా 31 రోజులు పగటి వేడి 110 ఫారెన్‌హీట్ కిందికి దిగలేదు. మన లెక్కలో 43. 1990 జూన్ 26న అయితే 122 కొట్టింది, అంటే 50.

మీ లిస్టులో తప్పేం లేదు. ఒక్కో పేరు పక్కన అది ఎంత ఎత్తులో ఉందో రాయండి, దాని పక్కన నెల రాయండి. వెయ్యి అడుగులు ఎక్కితే మూడు నుంచి ఐదు డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది. చాండ్లర్ 1,200 అడుగులు. టూసాన్ 2,400. సెడోనా, యాంటెలోప్ దగ్గరున్న పేజ్ ఊరు రెండూ 4,300 చిల్లర. ఫ్లాగ్‌స్టాఫ్, సౌత్ రిమ్ ఏడు వేలకి అటూ ఇటూ. కిందున్నవి ఇప్పుడే, ఏప్రిల్ దాటకుండా, మీ ముగ్గురూ చూసేయండి. పైనున్నవి పెద్దవాళ్ళ కోసం దాచండి. మీరు రాసిన ప్లాను సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంది.

కరీంనగర్_పిల్ల · ఫిబ్రవరి 10

బాబాయ్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. పోయినేడు జూన్ల మా అత్తమ్మ, మామయ్య వచ్చిన్రు. మామయ్య గుడికాడ కారు పక్కన్నే చెప్పులిడిచి పార్కింగ్ దాటి లోపటికి పోదామనుకున్నడు. ముప్ఫై అడుగులు గూడ ఉండది. సగం దాక పోయి ఎగురుడు మొదలువెట్టిండు. రెండు అరికాళ్ళు బొబ్బలు. "రామగుండంల పుట్టినోణ్ణి, నాకు జెప్తవా" అన్న మనిషి, వారం దినాలు సోఫా మీదికెళ్ళి దిగలే.

మే నెల నుంచి కార్ల ఒక దస్తీ పెట్టుకోండ్రి. స్టీరింగ్ పట్టుకోనీకి. జోక్ కాదు.

వేగస్_వెంకట్ · ఫిబ్రవరి 10

రాళ్ళూ ముళ్ళూ చూడ్డానికి ఇంత చర్చా? ఐదు గంటలు డ్రైవ్ చేస్తే వేగస్. ఏసీలో ఉంటారు అందరూ.

ఎడారి_బాబాయ్ · ఫిబ్రవరి 10

వెంకట్, నువ్వు ప్రతి థ్రెడ్‌లోనూ ఇదే రాస్తావు. పోనీ దారిలో హూవర్ డ్యామ్ అయినా ఆగి చూశావా?

వేగస్_వెంకట్ · ఫిబ్రవరి 10

పైనుంచి పోతుంటే కనబడింది బాబాయ్.

అనంత_సీమ · ఫిబ్రవరి 10

అన్నా, మాది అనంతపురం, ఉండేది టూసాన్‌లో. మొదట ఒక మాట: ఆ జెముడు చెట్టును "సవారో" అనల్ల. "గ" పలకదు. నేను మూడు నెలలు సగువారో సగువారో అంటాంటే ఆఫీసులో ఎవరూ చెప్పలేదు, లోపల్లోపల నవ్వుకున్నారు.

ఆ పార్కు రెండు ముక్కలు, ఊరికి తూర్పున ఒకటి, పడమర ఒకటి, మధ్యలో ఊరంతా ఉండాది. ఒక్కరోజు చాలు అనుకుంటే పడమర దానికి పోండి, చెట్లు ఒత్తుగా ఉంటాయి. పక్కనే 1952లో పెట్టిన డెసర్ట్ మ్యూజియం ఉండాది. పేరుకే మ్యూజియం, సగం జూ, సగం తోట. పాపకు భలే నచ్చుతాది. ఆ సవారోకు మొదటి చెయ్యి మొలిచేదానికే యాభై, డెబ్బై ఏండ్లు పడతాది. చేతులు నాలుగున్న చెట్టు కనిపిస్తే మన తాతకంటే పెద్దదని లెక్క. నరికితే కేసు.

మార్చిలో రాండి. మే, జూన్‌లో తెల్లపూలు పూస్తాయి, అది ఈ రాష్ట్రం పువ్వు, చూడాలని ఆశ ఉంటే మే మొదట్లో పొద్దున్నే రాండి. పూలు రాత్రి విచ్చుకోని మర్నాడు మధ్యాన్నానికే వాడిపోతాయి.

అమ్మావాళ్ళు వచ్చినాక టూసాన్ వద్దా అంటే, కార్చ్‌నర్ గుహలు ఉండాయి కదప్పా! ఎండాకాలమైనా లోపల 70 దాటి రెండు డిగ్రీలంతే. కానీ గాలిలో తేమ నిండుగా ఉంటాది, మీ బెజవాడ గుర్తొస్తాది. మా సీమలో బెలుం గుహలు ఎట్ల మూలబడి ఉండి బయటపడినాయో, దీనికీ ఒక కథ ఉండాది. 1974లో ఇద్దరు కుర్రోళ్ళు చిన్న బొక్కలోంచి దూరి కనుక్కున్నారు. జనం తెలిస్తే పాడు చేస్తారని సంవత్సరాల తరబడి నోరు మెదపలేదు. 1988లో రాష్ట్రం కొనింది, 1999లో గానీ జనాన్ని లోపలికి వదల్లేదు. లోపలికి ఫోను గూడా తీసుకుపోనీరు. రెండు టూర్లు ఉంటాయి, బిగ్ రూమ్ అనేది ఏప్రిల్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తారు. ఎందుకంటే గబ్బిలాలు అక్కడికి కాన్పుకు వస్తాయి! పుట్టింటికి వచ్చినట్టు. ఎండాకాలంలో ఇంకో టూరు తీసుకోండి. ముందే బుక్ చేయల్ల.

వెలగపండు · ఫిబ్రవరి 10

గబ్బిలాల పుట్టిల్లు 😀 మా పిల్లలకి చెప్పాను, ఇప్పుడే వెళ్దామంటున్నారు.

ఫొటోల_పిచ్చోడు · ఫిబ్రవరి 11

యాంటెలోప్ గురించి నేను రాస్తా, పదకొండు సార్లు వెళ్ళినవాణ్ణి.

అది నవాహో అనే ఆదివాసీ తెగ భూమి. గైడ్ లేకుండా అడుగు పెట్టనివ్వరు. కొంతమంది మనవాళ్ళు దీన్ని డబ్బు గుంజే ఏర్పాటు అంటారు. అందులో లోయర్, అప్పర్ అని రెండు కాన్యన్లు ఉంటాయి. 1997 ఆగస్టు 12న లోయర్ కాన్యన్‌లో ఉన్నట్టుండి వరద వచ్చి 11 మంది పోయారు. కాన్యన్ మీద చెప్పుకోదగ్గ వాన లేదు, వాన కురిసింది ఎక్కడో మైళ్ళ అవతల. ఆ సన్నటి సందుని చెక్కిందే అలాంటి వరదలు. అందుకని గైడు "ఇవాళ లేదు" అంటే వాదించకండి, డబ్బు తిరిగొస్తుంది.

లోయర్‌లో నిట్టనిలువు ఇనుప మెట్లు దిగాలి. అమ్మగారికి కుదరదు. అప్పర్ అయితే లోపల నేల చదును, వెలుగు స్తంభాలు దిగేది కూడా అందులోనే, మార్చి నుంచి అక్టోబర్ మొదటి దాకా నడిమధ్యాహ్నం. ఆ టికెట్లే ఖరీదు. బుక్ చేసేటప్పుడు నడక ఎంత, మెట్లు ఎన్ని అని ఫోన్ చేసి అడగండి.

హార్స్‌షూ బెండ్‌కి పార్కింగ్ నుంచి ముప్పావు మైలు నడక, మళ్ళీ అంతే వెనక్కి, నీడ తక్కువ. జూలైలో పొద్దున ఏడులోపే ముగించండి.

ఇక అసలు చిక్కు: టైము. ఆరిజోనా వేసవిలో గడియారం మార్చదు. నవాహో వాళ్ళు మారుస్తారు. వాళ్ళ భూమి నడిమధ్యన హోపీ అనే ఇంకో తెగ ఉంది, వాళ్ళు మార్చరు. పేజ్ ఊరు ఆరిజోనా టైమే. కానీ అక్కడ ఫోను ఏ టవర్ పట్టుకుంటే ఆ టైము చూపిస్తుంది. ఒకసారి నేను తెలివిగా ఫోన్‌ని ఆరిజోనా టైముకి కట్టేసి మాన్యుమెంట్ వ్యాలీకి వెళ్ళా. సూర్యోదయం జీపు ఐదున్నరకి అన్నారు. ఐదున్నరకి వెళ్తే అక్కడ ఆరున్నర. ఎండ చక్కగా పైకొచ్చేసింది, జీపు వాళ్ళు తిరుగు దారిలో ఉన్నారు. తప్పు నాదే, తిట్టడానికి కూడా ఎవరూ లేరు.

కృష్ణలంక_కుర్రాడు · ఫిబ్రవరి 11

అమ్మో. ఇన్ని రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. సవారో, సవారో, సవారో. నేర్చుకున్నా.

హవాసు గురించి ఎవరూ ఎత్తలేదే? నీలం నీళ్ళ ఫొటో చూసే మా ఆవిడ ఆరిజోనాకి ఒప్పుకుంది.

ఎడారి_బాబాయ్ · ఫిబ్రవరి 11

అందుకే ఎత్తలేదు నాయనా, కాపురాల జోలికి ఎందుకని.

పైన కొండ అంచు నుంచి సుపాయి ఊరికి 8 మైళ్ళు కాలినడక. అక్కణ్ణుంచి క్యాంపు ఇంకో 2 మైళ్ళు. పొద్దున వెళ్ళి సాయంత్రం రావడానికి ఒప్పుకోరు, రాత్రి ఉండే పర్మిట్ ఉండాల్సిందే, అవి చిటికెలో అయిపోతాయి. ఆ ఊరికి రోడ్డు లేదు. ఈనాటికీ ఉత్తరాలు కంచరగాడిదల మీద దిగుతాయి. అక్కడి తెగ పేరు హవాసుపాయి అంటేనే ఆ నీలిపచ్చ నీళ్ళ మనుషులు అని అర్థం. పాప పెద్దదయ్యాక మీ ఇద్దరూ వెళ్ళండి. ఈ ఏటికి కొట్టేయండి.

నార్త్ రిమ్ కూడా. 2025 జూలైలో పిడుగు పడి అంటుకున్న మంటలో అక్కడి లాడ్జి కాలిపోయింది. ఎటూ అది మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా తెరిచి ఉండేదే. సౌత్ రిమ్ ఏడాదంతా ఉంటుంది, అమ్మగారికి అదే హాయి.

వెలగపండు · ఫిబ్రవరి 12

సౌత్ రిమ్‌కి మా అమ్మతో వెళ్ళాం, ఆవిడకీ మోకాళ్ళే. అంచు వెంబడి దారి చాలా దూరం చదునుగా, సిమెంటు వేసి ఉంది. పార్కు బస్సులు ఉచితం. పడమటి వైపు హెర్మిట్ రోడ్డు మార్చి నుంచి నవంబర్ దాకా సొంత కార్లకి మూసేస్తారు, కానీ నడవలేనివాళ్ళు ఉంటే గేటు దగ్గర అడిగితే కారుకి ఒక అనుమతి కాగితం ఇస్తారు. చాలామందికి తెలీదు, అడగరు. తూర్పు చివర డెసర్ట్ వ్యూ దగ్గర 1932లో మేరీ కోల్టర్ కట్టిన రాతి బురుజు ఉంది. మెట్లెక్కక్కర్లేదు, కింద నుంచే కొలరాడో నది కనిపిస్తుంది.

మన మగవాళ్ళకి ఒక జబ్బు ఉంది, అంచు దగ్గర నిలబడగానే "కొంచెం దిగి చూసొద్దాం" అంటారు. దిగే కొద్దీ వేడి పెరుగుతుంది, అడుగున నది దగ్గర అంచు మీద కన్నా ఇరవై డిగ్రీల ఫారెన్‌హీట్ పైన ఎక్కువ. మామూలు కొండైతే ముందు ఎక్కి అలిసిపోయి దిగుతాం. ఇక్కడ ముందు దిగుతాం, అలిసిపోయాక ఎక్కాలి. మా ఆయన రెండు మలుపులు దిగి, పైకొచ్చేసరికి మాట లేదు.

పులిహోర, దద్దోజనం పట్టుకెళ్ళండి. అక్కడ మనకి ఫ్రెంచ్ ఫ్రైస్ తప్ప గతిలేదు.

కరీంనగర్_పిల్ల · ఫిబ్రవరి 12

పైసల ముచ్చట ఎవ్వరు చెప్పలే. సౌత్ రిమ్‌ల కారుకు 35 డాలర్లు, ఏడు దినాలు నడుస్తది. కానీ 2026 నుంచి అమెరికల ఉండనోళ్ళకు గ్రాండ్ కాన్యన్ తోని కలిపి 11 పార్కులల్ల మనిషికి ఇంకో 100 డాలర్లు వెట్టిన్రు. అమ్మ నాయన విజిటర్లు కదా. పోయే ముందు పార్కు సైటు చూసి, ఏ పాస్ తీసుకుంటే అగ్గువ పడ్తదో లెక్క చేసుకోండ్రి.

ఫ్లాగ్‌స్టాఫ్_చలి · ఫిబ్రవరి 13

అన్నా, నేను ఫ్లాగ్‌స్టాఫ్‌లో చదువుతున్నా. ఇక్కడ ఇప్పుడు బయట రెండడుగుల మంచు ఉంది, ఫీనిక్స్ నుంచి రెండున్నర గంటలే. ఒహాయో మీద బెంగొస్తే రండి, పార ఇస్తా.

వేసవికి అంకుల్, ఆంటీలకి మా వైపు బెస్ట్. ఉల్క గుంట ఇక్కణ్ణుంచి నలభై నిమిషాలు. 50 వేల ఏళ్ళ కిందట పడింది. ముప్పావు మైలు వెడల్పు, 550 అడుగుల లోతు. అది ప్రభుత్వానిది కాదు, ఒక కుటుంబం సొంతం, అందుకని పార్కు పాస్ చెల్లదు. ఆ కుటుంబం పెద్ద బారింజర్ అనే ఆయన, అడుగున బోలెడు ఇనుము పాతుకుపోయి ఉంటుందని ఏళ్ళ తరబడి తవ్వించాడు. దొరకలేదు. పడ్డ వేగానికి చాలావరకు అక్కడే ఆవిరైపోయింది. పాపం ఆయన నమ్మింది సగం నిజం: అది అగ్నిపర్వతం కాదు, ఉల్కే అని మొదట పట్టుబట్టిందీ ఆయనే. తర్వాత చంద్రుడి మీదికెళ్ళిన అపోలో వాళ్ళు అక్కడే ట్రైనింగ్ చేశారు. మహారాష్ట్రలో మన లోనార్ ఉల్క గుంట చూసినవాళ్ళకి తేడా ఒక్కటే, ఇందులో నీళ్ళుండవు.

సాయంత్రం ఫ్లాగ్‌స్టాఫ్‌లో లోవెల్ అబ్జర్వేటరీ. 1930లో ప్లూటోని కనిపెట్టింది అక్కడే. ఊళ్ళో వీధి దీపాలు కూడా మసగ్గా పెడతారు, ఆకాశం కనబడాలని. పాలపుంత చూసి ఎన్నాళ్ళయిందో ఆంటీ వాళ్ళని అడగండి.

ఇంకో గంటన్నర తూర్పుకి పోతే పెట్రిఫైడ్ ఫారెస్ట్. 20 కోట్ల ఏళ్ళకి పైబడిన చెట్లు రాయైపోయి పడున్నాయి. ఎర్రగా, పసుప్పచ్చగా, లోపల మెరుస్తూ.

భక్త_చింతామణి · ఫిబ్రవరి 13

ఆ రాయి చిన్న ముక్క తెచ్చి దేవుడి గదిలో పెట్టుకోవచ్చా? ఫొటోలో అచ్చం సాలగ్రామంలా ఉంది. అంత అడవిలో ఒక్క ముక్క పోతే ఎవరికి తెలుస్తుంది?

ఫ్లాగ్‌స్టాఫ్_చలి · ఫిబ్రవరి 13

వద్దండీ! నేరం. పైగా దానికో చరిత్ర ఉంది. తీసుకెళ్ళినవాళ్ళలో చాలామంది తర్వాత "ఇది ఇంటికొచ్చాక ఉద్యోగం పోయింది, కాలు విరిగింది, క్షమించండి" అని ఉత్తరం రాసి రాయి పోస్టులో తిప్పి పంపుతారు. వాటిని తిరిగి పార్కులో పెట్టలేరు, ఎక్కడ తీశారో తెలీదు కదా, పెడితే పరిశోధన పాడవుతుంది. అందుకని అన్నీ ఒక గుట్టగా పోశారు. దానికి మనస్సాక్షి గుట్ట అనే పేరు. కావాలంటే పార్కు బయట హోల్‌బ్రూక్‌లో సొంత భూముల్లో దొరికినవి అమ్ముతారు, కొనుక్కోండి.

భక్త_చింతామణి · ఫిబ్రవరి 13

శివ శివ. మాట వెనక్కి తీసుకుంటున్నా.

కరీంనగర్_పిల్ల · ఫిబ్రవరి 14

ఇంకొకటి. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ ఆఖరు దాక ఇక్కడ వానకాలం. నవ్వకుండ్రి, నిజంగనే ఉంటది. ముందు దుమ్ము గోడ లేస్తది, హబూబ్ అంటరు. మైలు ఎత్తుల ఊరి మీదికి నడుచుకుంట వస్తది. కారు నడుపుతున్నప్పుడు వస్తే రోడ్డు దిగి పక్కకు ఆపి, లైట్లు అన్ని బంద్ చేసి, బ్రేకు మీదికెళ్ళి కాలు తీయాలె. లైట్లు ఎందుకు బంద్ అంటే, ఎనకొచ్చెటోడు మన ఎర్ర లైటు చూసి రోడ్డు అటే ఉందనుకుని వచ్చి గుద్దుతడు.

ఎండిన వాగుల్ల నీళ్ళు పారుతుంటే దాటకుండ్రి. అడ్డం పెట్టిన బోర్డు దాటి పోయి ఇరుక్కుంటే, బయటికి గుంజిన ఖర్చంత మనమే కట్టాలె, గా చట్టం 1995 నుంచి ఉంది. మా ఊర్ల మానేరు చూసినోళ్ళకు వాగు సంగతి ఎరుకే.

మోడరేటర్ · ఫిబ్రవరి 14

మునగ చెట్టు, కరివేపాకు, మామిడి మొక్కల మీద రాసిన పద్నాలుగు పోస్టులు "పెరటి తోట" విభాగానికి మార్చాం. దయచేసి విషయం మీద ఉండండి.

కృష్ణలంక_కుర్రాడు · ఏప్రిల్ 6

చెప్పినట్టే కిందివి ముందు కానిచ్చాం. టూసాన్ అయింది, కానీ పడమర పార్కులో కాసేపు ఉండగానే పాప కాలికి జంపింగ్ చోయా అనే జెముడు ముక్క అంటుకుంది. ఆ ముళ్ళ బంతి చేత్తో తీయబోతే వేళ్ళకి గుచ్చుకుంటుంది, అటుగా పోతున్న ఒక ముసలాయన జేబులోంచి దువ్వెన తీసి ఒక్క విదిలింపుతో పీకేశాడు. ఏడుపు మాత్రం ఆగలేదు, తిరిగొచ్చేశాం. సెడోనా అయింది. ఎర్ర రాళ్ళు బాగున్నాయి, పార్కింగ్ కోసం తిరిగిన తిరుగుడే ఎక్కువ.

అనంత_సీమ · ఏప్రిల్ 6

దువ్వెన సంగతి చెప్పడం మర్సిపోయినా అన్నా, తప్పు నాది. సవారోలు సరిగా చూడలేదు కాబట్టి లెక్కలోకి రాదు. మళ్ళీ రావల్ల.

కృష్ణలంక_కుర్రాడు · ఆగస్టు 23

బాబాయ్, కరెంటు బిల్లు గురించి నేనేం అడగను, మీ మాట నిలబెట్టను 😀

అమ్మానాన్నతో సౌత్ రిమ్, ఉల్క గుంట, లోవెల్, పెట్రిఫైడ్ ఫారెస్ట్, కార్చ్‌నర్ అన్నీ అయ్యాయి. ఐ-17 హైవే మీద సన్‌సెట్ పాయింట్ ఎక్కుతుంటే ఏసీ ఆపమని బోర్డులు కనిపించాయి. కారులో అందరూ నా వంక చూశారు, నేను ఆపలేదు. దేవుడి దయ వల్ల ఇంజను తట్టుకుంది.

సౌత్ రిమ్‌లో వెలగపండు గారు చెప్పిన అనుమతి కాగితం అడిగాం, ఇచ్చారు. అమ్మ ఒక బల్ల మీద కూర్చుని గంటన్నర లేవలేదు. ఏమంటుందోనని చూస్తే "ఇంత గొయ్యి పడిందంటే ఆ నదికి ఎంత ఓపికరా" అని, మళ్ళీ వెంటనే "దద్దోజనంలో ఉప్పు తక్కువైంది" అంది. నాన్న ఉల్క గుంట దగ్గర గైడుని వదల్లేదు. ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు, ఎన్ని ఘనపుటడుగుల మట్టి లేచింది అని అడిగి కాగితం మీద లెక్కేసి చూసుకున్నారు.

ఫీనిక్స్ బొటానికల్ గార్డెన్‌కి మాత్రం తీసుకెళ్ళి తిట్లు తిన్నా. పొద్దున ఏడింటికే వెళ్ళాం. నాగజెముడు చూసి అమ్మ "పొలం గట్టున కంచెకేసే దానికి టికెట్టు పెట్టారా వీళ్ళు?" అని అక్కడే నిలబడిపోయింది.

అనంత_సీమ · ఆగస్టు 23

అమ్మకు చెప్పన్నా, దాని పుట్టిల్లే ఈ ఖండం. ఇక్కణ్ణుంచి మన కంచెలకు వచ్చినాది. మా ఊర్లో ఆ పండ్లను పాపాసు పండ్లంటారు, చిన్నప్పుడు ముళ్ళు రాతికి రుద్ది తినేవాళ్ళం, నోరంతా ఎర్రగా అయ్యేది. ఇప్పుడు టూసాన్‌లో కాపుకొచ్చినాయి. ఒకాయన పెరట్లో ఉండాయి, కావాలంటే కోసి పెడతా.

కృష్ణలంక_కుర్రాడు · ఆగస్టు 24

చెప్పా. "అయితే మనమే వాళ్ళకి అద్దె కట్టాలా" అంది.

సంగతేంటంటే, నాన్నకి సవారో చూడాలని పట్టింది. కాస్త చల్లబడకుండా పార్కుకి తీసుకెళ్ళనంటే, సెప్టెంబర్ టికెట్ వెనక్కి జరపమంటున్నారు. ఐ-94 (ఇక్కడ ఉండే గడువు కాగితం) నవంబర్ 24 దాకా ఉంది. టూసాన్‌లో నవంబర్ మొదటివారం ఎలా ఉంటుంది?

అనంత_సీమ · ఆగస్టు 24

జరపన్నా. దువ్వెన తెచ్చుకోండి.